రెండో కొన

తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ పని చేసుకుంటున్న నాకు విద్యుత్ శాస్త్రంతో ఉన్న సంబంధం అక్షరాల వరకే. ట్యుటోరియల్ కళాశాలలకూ, గైడ్లు వేసే చిన్న ప్రచురణకర్తలకూ భౌతికశాస్త్రం పేజీలు కూర్చి ఇవ్వడం నా పనిలో ఒక భాగం కాబట్టి ‘పొటెన్షియల్ భేదం’ అనే మాటను ఎన్ని వందల సార్లు టైపు చేశానో లెక్క లేదు. ‘భేదం’లో భకారానికి బదులు బకారం పడితే రెప్పపాటులో పట్టుకోగలను, ఆ భేదం దేనికీ దేనికీ మధ్య అని మాత్రం ఒక్కసారి కూడా నన్ను నేను అడుగుకోలేదు. నలభై ఆరో ఏట ఆ ప్రశ్న అడుగుకోవలసి వచ్చింది, అదీ మిద్దె మీది నీళ్ల ట్యాంకు పొర్లిపోవడం వల్ల.

మేము బైరాగిపట్టెడలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు ఉంటాము. కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉంటుంది. వీధిలో అందరిలాగే నేనూ ఆమెను అవ్వ అనే పిలుస్తాను. సంపు కింద, మోటారు కింద, ట్యాంకు పైన. మోటారు వేసే బాధ్యత నాది. స్విచ్ వేసి పనిలో పడితే ట్యాంకు నిండిన సంగతి గోడ వెంట నీళ్లు కారి అవ్వ ఆరబెట్టిన వడియాల మీద పడేదాకా నాకు తెలిసేది కాదు. బజారులో అమ్మే ట్యాంకు అలారం ఒకటి కొన్నాను. అది మూడు నెలలు పనిచేసి మూగబోయింది. అమ్మిన దుకాణంవారు బాగుచేయడం కుదరదని, పారవేసి కొత్తది కొనుక్కోమని చెప్పారు. పారవేసే ముందు మర విప్పి చూశాను. లోపల గట్టిగా లెక్కపెడితే ఎనిమిది సామాన్లు కూడా లేవు. ఇంత చిన్నదాన్ని నేను చేసుకోలేనా అన్న పంతం అక్కడ పుట్టింది.

మా డీటీపీ సెంటరుకు నాలుగు దుకాణాల అవతల టీవీలు, రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. వయసులో నాకన్నా బాగా పెద్ద అయినా నేను అన్న అనే పిలుస్తాను. నా మాట విని ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. ముందు ఒక షరతు పెట్టారు. “బ్యాటరీతో ఎన్ని తప్పులైనా చెయ్‌మా, ఏమీ కాదు. గోడలో ఉండాది చూడు, ఆ కరెంటుతో చేసేది ఒక్క తప్పే” అన్నారు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, నేను వాడబోయేది 9 వోల్టుల బ్యాటరీ. అలారం మోగితే మనిషి వెళ్లి మోటారు ఆపాలి. అలారమే మోటారును ఆపే ఏర్పాటు జోలికి పోకూడదు. ఈ షరతును ఈనాటికీ మీరలేదు.

ఆయన చీటీ మీద రాసిచ్చిన సామాన్లు ఊళ్లోనే దొరికాయి: టంకం లేకుండా తీగలు గుచ్చి సర్క్యూటు కట్టుకునే బ్రెడ్‌బోర్డు ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ, దానికి తగిలించే క్లిప్పు, పది ఎర్ర ఎల్ఈడీలు, కరెంటును కొంత అడ్డుకునే రెసిస్టర్లు, కాగితపు పట్టీకి అతికించి ఉన్నవి, రకరకాలు, బీసీ 547 అనే ట్రాన్సిస్టర్లు ఐదు, ఒక చిన్న బజర్, వోల్టేజీ, కరెంటు, నిరోధం కొలిచే పసుపు రంగు డిజిటల్ మల్టీమీటరు. మొత్తం ఖర్చులో సగానికి పైగా మీటరుకే అయ్యింది. మిగిలిన వస్తువులు ఎంత చవకో చూసి ఆశ్చర్యపోయాను. రెసిస్టర్ ఒక్కొక్కటి రూపాయి.

ఇంటికి తెచ్చిన సాయంత్రమే మొదటి ఎల్ఈడీని చంపాను. పొడుగు కాలు ధనధ్రువానికి, పొట్టి కాలు రుణధ్రువానికి అన్నది మాత్రమే గుర్తుంచుకుని బ్యాటరీకి నేరుగా తగిలించాను. ఒక్క మెరుపు మెరిసి, చిన్న కాలిన వాసనతో ఆరిపోయింది. మామూలు బల్బులా ఎల్ఈడీ తనకు కావలసినంతే తీసుకుంటుందని నేను అనుకోవడమే పొరపాటు. ఎర్ర ఎల్ఈడీ సుమారు 2 వోల్టుల దగ్గర వెలగడం మొదలుపెడుతుంది. ఆపైన వోల్టేజీ కొద్దిగా పెంచినా కరెంటు విపరీతంగా పెరిగిపోతుంది. వోల్టేజీ ఎన్ని రెట్లు పెరిగితే కరెంటూ అన్ని రెట్లే పెరుగుతుందని 1827లో ఓమ్ ప్రకటించిన నియమానికి అది లొంగే వస్తువు కాదు. అందువల్ల ఆ నియమానికి లొంగే వస్తువును, అంటే రెసిస్టరును, దానికి తోడుగా పెట్టి ఆ రెసిస్టరు చేత కరెంటును అదుపు చేయించాలి. లెక్క సులభమే: బ్యాటరీ 9, ఎల్ఈడీకి 2 పోతే రెసిస్టరు మీద పడేది 7 వోల్టులు. నాకు కావలసినది 15 మిల్లీ ఆంపియర్లు. 7ను 0.015తో భాగిస్తే కావలసిన నిరోధం 466 ఓమ్‌లు అని వస్తుంది. బజారులో 466 దొరకదు, 470 దొరుకుతుంది.

అయితే ఆ 470ని నేను తీసుకున్నానా అంటే, లేదు. రెసిస్టరు మీద అంకెలు ఉండవు, రంగు పట్టీలు ఉంటాయి. మొదటి రెండు పట్టీలు రెండు అంకెలు, మూడోది వాటి పక్కన ఎన్ని సున్నాలో చెబుతుంది, చివరి బంగారు పట్టీ విలువ అయిదు శాతం అటూ ఇటూ ఉండవచ్చని చెబుతుంది. పసుపు అంటే 4, ఊదా అంటే 7. మూడో పట్టీ గోధుమరంగు అయితే ఒక సున్నా, ఎరుపు అయితే రెండు, నారింజ అయితే మూడు. గోధుమరంగు అని పుస్తకాల్లో రాస్తారు కానీ నిజానికి అది కాఫీపొడి రంగు, ట్యూబులైటు వెలుగులో ఎరుపుకు చెల్లెలు. నేను తీసుకున్నది పసుపు, ఊదా, ఎరుపు. అంటే 4,700 ఓమ్‌లు. ఎల్ఈడీ వెలిగింది, కానీ వెలిగీ వెలగనట్టు వెలిగింది. ఎల్ఈడీ నాసిరకమని మరొకటి మార్చాను, ఇంకొకటి మార్చాను, బ్యాటరీని కూడా అనుమానించాను. తప్పు మూడో పట్టీలో ఉందని తెలిసేసరికి రాత్రి పదిన్నర. ఒక వత్తు తప్పిపోతే మాట అర్థమే మారిపోతుందని కుర్రవాళ్లకు రోజూ చెప్పే నేను, ఒక పట్టీ దగ్గర అంత తేలికగా మోసపోయాను. ఆనాటి నుంచి బోర్డులో పెట్టబోయే ప్రతి రెసిస్టరునూ మీటరుతో కొలిచే పెడుతున్నాను. కళ్లజోడు మీద నమ్మకం పెట్టుకోవడం లేదు.

బ్రెడ్‌బోర్డు దగ్గర పడిన తిప్పలు మరోరకం. దాని రంధ్రాల కింద లోహపు రేకులు ఉంటాయి; నడుమ గాడికి అటు ఐదు, ఇటు ఐదు రంధ్రాలు అడ్డవరుసలో ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. అంచుల వెంట బ్యాటరీ తీగలు పెట్టుకోవడానికి పొడవాటి వరుసలు ఉంటాయి, వాటి పక్కన ఎర్రగీత, నీలిగీత అచ్చువేసి ఉంటాయి. నా బోర్డులో ఎర్రగీత సరిగ్గా మధ్యలో అరంగుళం మేర తెగి ఉంది. అచ్చు పని చేసేవాళ్లకు ఇలాంటివి చప్పున కళ్లబడతాయి; స్క్రీన్ సరిగ్గా పడలేదు, నాసిరకం ముద్రణ అని లోలోపల తీర్పు చెప్పేసి ఊరుకున్నాను. ఒక చివర బ్యాటరీ పెట్టి, రెండో చివర సర్క్యూటు కట్టాను. ఎంతసేపటికీ చలనం లేదు. గీత తెగిన చోట లోపలి రేకు కూడా తెగి ఉంటుందని, ఆ ఖాళీ ముద్రణ దోషం కాక ఒక సమాచారమని మరునాడు అన్న మీటరును ‘బీప్’ అనే చోటికి తిప్పి చూపించారు. రెండు కొనల మధ్య తీగ కలిసి ఉంటే మీటరు కూస్తుంది, లేకపోతే మౌనంగా ఉంటుంది. తెగిన గీతకు ఇటు ఒక కొన, అటు ఒక కొన పెట్టారు. మౌనం.

ఇక అసలు విషయానికి వస్తాను. సర్క్యూటు పనిచేయనప్పుడు ఎక్కడ వోల్టేజీ ఉంది, ఎక్కడ లేదు అని చూసుకోవాలి కదా. మీటరును 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర కొనను ఎల్ఈడీ కాలికి ఆనించి, నల్ల కొనను బల్ల మీద వదిలేసి చూశాను. సున్నా. రెసిస్టరు కాలికి ఆనించాను. సున్నా. చివరికి బ్యాటరీ ధనధ్రువానికే ఆనించినా సున్నాయే వచ్చేసరికి మీటరు చెడిపోయిందని తేల్చి, సంచిలో వేసుకుని అన్న దగ్గరికి వెళ్లాను. ఆయన నన్నే కొలిచి చూపమన్నారు. చూపాను. “రెండో కొన యాడుండాది?” అని అడిగారు. బల్ల మీద ఉందని చెప్పాను. “బల్ల మీద వోల్టేజీ కొలుస్తా ఉండావా, బ్యాటరీది కొలుస్తా ఉండావా?”

నా తడబాటుకు కారణం ఏమిటో ఇప్పుడు నాకు స్పష్టంగా తెలుసు. నాకు తెలిసిన ఏకైక పరీక్ష పరికరం ఇంట్లో ఉండే టెస్టరు. ప్లగ్గులోని ఒక రంధ్రంలో దాని మొన పెట్టి తలమీద వేలు ఆనిస్తే ఎర్రగా వెలుగుతుంది. అంటే అక్కడ కరెంటు ఉన్నట్టు. ఒక్క చోట ముట్టుకుంటే చాలు. కాబట్టి వోల్టేజీ అనేది నీటికుండలో నీళ్లలాగా ఒక చోట ఉండే వస్తువని, ఆ చోటును తాకితే తెలిసిపోతుందని నా మనసులో ఎప్పుడో ముద్ర పడిపోయింది. అన్నకు ఈ మాట చెప్పినప్పుడు ఆయన తన టెస్టరు మర విప్పి ముక్కలు బల్ల మీద పరిచారు: ఒక చిన్న నియాన్ దీపం, ఒక స్ప్రింగు, చాలా ఎక్కువ విలువ గల ఒక రెసిస్టరు. “దీనికి కూడా రెండు కొనలే ఉండాయి. ఒకటి ఈ మొన. రెండోది నువ్వు” అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ప్లగ్గులోని ఫేజు నుంచి నియాన్ దీపం మీదుగా, రెసిస్టరు మీదుగా, తలమీద ఆనిన నా వేలి మీదుగా, నా ఒంటి మీదుగా నేలలోకి అతిస్వల్పమైన కరెంటు పోతున్నది. దాన్ని మనకు తెలియనంత తక్కువగా ఉంచేదే లోపలి రెసిస్టరు. తలమీద వేలు తీసేస్తే దీపం ఆరిపోతుంది, ఎందుకంటే రెండో కొన తీసేశాను. ఇన్నేళ్లూ కొలతకు ఒక చివర నేనే నిలబడి, ఒక చివరే చాలునని అనుకున్నాను. బ్యాటరీ సంగతి అలా కాదు. దాని ధనధ్రువానికి నేలతో ఏ సంబంధమూ లేదు, ఉన్న సంబంధమంతా తన రుణధ్రువంతోనే. ‘పొటెన్షియల్ భేదం’ అని వందల సార్లు టైపు చేసిన దాన్ని ఆ పూట మొదటిసారి చదివినట్టు అయింది. భేదం అంటే రెండు ఉండాలి. ఒక్కదానికి భేదం ఏమిటి?

ఇక్కడ ఇంకొక చిక్కు కూడా విడిపోయింది. సర్క్యూటు బొమ్మల్లో ఏదో ఒక బిందువు పక్కన ‘5 వోల్టులు’ అని ఒక్కచోటే రాసి ఉంటుంది. రెండో కొన అక్కడ రాయరు, అందరికీ తెలిసిందే అని వదిలేస్తారు. భూమి గుర్తు వేసి ఉన్న బిందువు, సాధారణంగా బ్యాటరీ రుణధ్రువం, ఆ కనిపించని కొన. నల్ల తీగను అక్కడ పెట్టి ఉంచి ఎర్ర కొనతో తిరగడమే కొలిచే పద్ధతి. ఎన్నో బొమ్మల్లో ఆ భూమి గుర్తును అందంగా గీసి ఇచ్చిన నాకు, అదొక అలంకారం కాదని తెలియడానికి ఇంత పని పడింది.

ఆ రాత్రి నేను ఇంట్లో కూర్చుని ఒకే సర్క్యూటును అన్నివైపుల నుంచీ కొలిచాను. బ్యాటరీ రెండు కొనల మధ్య 9.2 వోల్టులు. రెసిస్టరు రెండు కాళ్ల మధ్య 7.3. ఎల్ఈడీ రెండు కాళ్ల మధ్య 1.9. చివరి రెండూ కూడితే మళ్లీ 9.2. కిర్చాఫ్ 1845లో చెప్పిన లూప్ నియమం అంటే ఇదే. తిరుపతి వాళ్లకు దీన్ని చెప్పడానికి పెద్ద ఉపమానం అవసరం లేదు. అలిపిరి నుంచి కొత్త ఘాట్ రోడ్డులో బస్సెక్కి కొండ మీదికి పోయి, పాత ఘాట్ రోడ్డులో దిగి మళ్లీ అలిపిరికే వస్తే, ఎక్కినంత ఎత్తూ దిగి తీరతాము. రోడ్డు వద్దనుకుని 3,550 మెట్లూ దిగి వచ్చినా దిగిన ఎత్తు అంతే. బ్యాటరీ ఎక్కిస్తుంది, రెసిస్టరు కొంత, ఎల్ఈడీ కొంత దించుతాయి, బయలుదేరిన చోటికి వచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఎత్తు కూడా రెండు చోట్ల మధ్యనే ఉండేది కాబట్టి ఈ పోలిక నాకు బాగా పట్టుబడింది.

కరెంటు కొలవడం మాత్రం దీనికి పూర్తిగా వేరు, ఆ వేరు తెలియక ఒక ఫ్యూజు పోగొట్టుకున్నాను. వోల్టేజీ కొలిచిన ఉత్సాహంలో మీటరు మీట మిల్లీ ఆంపియర్ల వైపు తిప్పి, అలవాటుగా రెండు కొనలనూ బ్యాటరీ రెండు ధ్రువాలకూ ఆనించాను. లోపల చిన్న టిక్కుమన్న శబ్దం. కరెంటు కొలిచేటప్పుడు మీటరు తన నిరోధాన్ని దాదాపు లేనంతగా చేసుకుంటుంది, ఎందుకంటే అది దారిలో భాగం కావాలి. అలాంటి దాన్ని బ్యాటరీకి అడ్డంగా పెడితే ఒట్టి తీగ పెట్టినట్టే. వోల్టేజీకి మీటరును పక్కన నిలబెడతాము. కరెంటుకు దారిని తెంచి, తెగిన చోట మీటరును దూర్చాలి, అలిపిరి దగ్గర తనిఖీ కేంద్రం గుండానే ప్రతి బండీ పోవలసి వచ్చినట్టు. కొత్త ఫ్యూజు వేసుకుని ఎల్ఈడీకి ముందు కొలిచాను, 15.4 మిల్లీ ఆంపియర్లు. తరువాత కొలిచాను, 15.4. రెసిస్టరును ఎల్ఈడీకి ముందు పెడితేనే దాన్ని కాపాడుతుందని అప్పటిదాకా నా నమ్మకం. వెనక్కి మార్చి పెట్టినా వెలుతురు మారలేదు, అంకె మారలేదు. ఒకే వలయంలో ముందూ వెనకా లేవు. తనిఖీ కేంద్రాన్ని దారిలో ఎక్కడ పెట్టినా లెక్క ఒకటే.

దీని తరువాత ట్యాంకు వైపు మళ్లాను. నీళ్లు రెండు తీగలను ముట్టుకుంటే వాటి మధ్య కరెంటు పోతుందన్నదే ఈ అలారానికి ఆధారం. స్వచ్ఛమైన నీరు కరెంటును దాదాపుగా పోనివ్వదు, అందులో కరిగి ఉన్న లవణాలు పోనిస్తాయి. స్టీలు గ్లాసు వద్దని, గ్లాసే కరెంటును మోస్తుందని అన్న ముందే హెచ్చరించడంతో ప్లాస్టిక్ లోటాలో మా బోరు నీళ్లు పోసి, రెండు తీగలను రెండు సెంటీమీటర్ల ఎడంగా ముంచి కొలిచాను. అంకె నిలకడగా నిలబడలేదు, 18 వేల ఓమ్‌ల దగ్గర ఊగిసలాడింది. తాగడానికి తెప్పించుకునే క్యాను నీళ్లలో రెండు లక్షలు దాటిపోయింది. అందులో చిటికెడు ఉప్పు వేసి కలిపితే బోరు నీళ్లకన్నా కిందికి పడిపోయింది. మా బోరు నీళ్లతో టీ పెడితే ఎందుకు బాగుండదో ఆ అంకెల్లో నాకు కనిపించింది.

9 వోల్టులను 18 వేల ఓమ్‌లతో భాగిస్తే వచ్చేది అర మిల్లీ ఆంపియరు. నా బజర్ మోగడానికి 22 కావాలి. ఇక్కడే ట్రాన్సిస్టర్ అవసరం. దానికి మూడు కాళ్లు: కలెక్టర్, బేస్, ఎమిటర్. బేసులోకి చిన్న కరెంటు పంపితే కలెక్టరు నుంచి ఎమిటరుకు అంతకు ఎన్నో రెట్లు పోవడానికి దారి తెరుచుకుంటుంది. ట్రాన్సిస్టర్ కరెంటును పుట్టిస్తుందని నేను అనుకున్నాను, అది తప్పు. చెరువు తూము దగ్గర మనిషి ఒక్క చేత్తో తూము పైకి లాగితే పొలాల మీదికి ఉరికే నీళ్ల బలం ఆ మనిషిది కాదు, చెరువుది. ఇక్కడ చెరువు బ్యాటరీ. మీటరులో ట్రాన్సిస్టర్ పెట్టి చూసే చిన్న రంధ్రాల వరుస ఉంది, నా బీసీ 547 బేసు కరెంటుకు 280 రెట్లు పోనిస్తుందని అది చూపింది. నీళ్ల గుండా వచ్చే కరెంటును బేసుకు ఇచ్చి, బజర్‌ను కలెక్టరు దారిలో పెట్టి, నీళ్ల 18 వేలకు జాగ్రత్త కోసం వరుసలో 10 వేల ఓమ్‌ల రెసిస్టరు కలిపాను. రెండు తీగలూ పొరపాటున ఒకదానికొకటి తగులుకున్నా బేసును అది కాపాడుతుంది. బేసుకూ ఎమిటరుకూ మధ్య సుమారు 0.7 వోల్టులు పోగా మిగిలినదాన్ని 28 వేలతో భాగిస్తే 0.3 మిల్లీ ఆంపియర్లు. దానికి 280 రెట్లు 84. కావలసింది 22 కాబట్టి బజర్ నిండుగా మోగాలి.

మోగలేదు. చెవి దగ్గర పెట్టుకుంటే ఏదో మూలిగినట్టు వినిపించింది. ప్రతి తీగనూ రెండుసార్లు చూశాను, రెసిస్టర్లను కొలిచాను, అన్నీ సరే. తప్పు నేను నమ్ముకున్న బొమ్మలో ఉంది. అది ట్రాన్సిస్టర్‌ను కాళ్ల వైపు నుంచి, అంటే కింది నుంచి చూసి గీసిన బొమ్మ. నేను పైనుంచి చూస్తూ పెట్టాను. ట్రేసింగ్ కాగితం మీద మిర్రర్ ప్రింటు తీయడం నా వృత్తి కాబట్టి అద్దంలో తిరగబడిన వస్తువును గుర్తుపట్టలేకపోవడం నాకు కొంచెం నామోషీగా కూడా అనిపించింది. బీసీ 547 చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉంటే ఎడమ నుంచి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్. కలెక్టరూ ఎమిటరూ తారుమారైనా ట్రాన్సిస్టర్ పూర్తిగా మానుకోదు, ఆ 280 రెట్లు మాత్రం బాగా పడిపోతాయి. ఆ మూలుగు అదే. కొత్త ట్రాన్సిస్టర్ సరిగ్గా పెట్టి లోటాలో తీగలు ముంచగానే బజర్ చేసిన కూతకు అవ్వ కింది నుంచి “ఏందిమా అది?” అని కేకవేసింది.

టంకం వేయడం గురించి ఎక్కువ చెప్పను, అది చేత్తో నేర్చుకోవలసినదే. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో ముందు కాలినీ, బోర్డు మీది రాగి చుక్కనూ కలిపి వేడిచేసి, ఆ వేడికి టంకపు తీగ దానంతటదే కరిగి పారేలా చేయాలి. ఐరన్ మొన మీద కరిగించి తెచ్చి అద్దితే పైకి అంటుకున్నట్టు కనిపించి లోపల అంటుకోదు. నేను మొదట వేసిన పదకొండు అతుకుల్లో నాలుగు అలాంటివే. మెరుపు లేకుండా బూడిదరంగులో ఉబ్బిన అతుకును అనుమానించాలి. టంకం వేసేటప్పుడు లేచే పొగ మంచిది కాదు కాబట్టి కిటికీ తెరిచి పెట్టుకోవడం, మామూలు టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోవడం తప్పదు.

పాత ఇంటర్నెట్ కేబులు 18 మీటర్లు మిగిలి ఉంటే దానిలోని రెండు తీగలను ట్యాంకు నుంచి కింద మోటారు స్విచ్ పక్కదాకా లాగాను. అంత పొడవైన సన్నటి తీగలో వోల్టేజీ అంతా పోదా అని నాకు భయం. పోయి రావడానికి 36 మీటర్లు. కొలిస్తే మూడు ఓమ్‌లు. “ఇరవై ఎనిమిది వేల అప్పులో మూడు రూపాయలు నీకు లెక్కా?” అన్నారు అన్న. అలారం మొదటిసారి నిజంగా మోగినప్పుడు నేను డాబా మీదికి పరుగెత్తి నీళ్లు అంచుకు నాలుగు వేళ్ల కింద ఉండటం చూసి, కిందికి పరుగెత్తి మోటారు ఆపాను. పైకి వెళ్లవలసిన పనే లేదని దిగివచ్చాక గుర్తొచ్చింది.

నవంబరు వానల్లో మరొక కథ నడిచింది. ఒక అర్ధరాత్రి, ట్యాంకు సగం కూడా లేనప్పుడు, బజర్ సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. అవ్వ తలుపు తట్టి, పిల్లికూన ఎక్కడైనా ఇరుక్కుందేమో చూడమంది. డాబా మీద తీగలు కలిపిన చోట నేను చుట్టిన టేపు లోపలికి తేమ దిగి, రెండు తీగల మధ్య ఒక సన్నని దారి ఏర్పడింది. కొలిస్తే దాదాపు పది లక్షల ఓమ్‌లు. అంటే బేసులోకి పోతున్నది మిల్లీ ఆంపియరులో వందో వంతు కూడా లేదు, అయినా 280 రెట్లు అయ్యేసరికి బజర్‌ను మూలిగించడానికి చాలింది. దీనికి మందు బేసుకూ ఎమిటరుకూ మధ్య 47 వేల ఓమ్‌ల రెసిస్టరు ఒకటి. పసుపు, ఊదా, నారింజ. తేమ గుండా వచ్చే ఆ కొద్దిపాటి కరెంటు ఈ పక్కదారిన రుణధ్రువానికి వెళ్లిపోతుంది. లెక్క వేస్తే బేసు దగ్గర 0.4 వోల్టులే నిలుస్తాయి, ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి అది చాలదు. నిజంగా నీళ్లు తగిలినప్పుడు వచ్చే 0.3 మిల్లీ ఆంపియర్లలో ఈ పక్కదారి తీసుకునేది ఇరవయ్యో వంతు. కొనుక్కున్న అలారంలో ఎందుకుందో అర్థంకాని ఒక రెసిస్టరు ఉండేది. తీసి చూస్తే అదీ సరిగ్గా ఇదే చోట ఉంది.

ఆరు వారాల తరువాత ట్యాంకులోని రాగి తీగల్లో ధనధ్రువం వైపుది పచ్చగా మారి, సూదిలా సన్నబడింది. రెండోది కొత్తదానిలాగే ఉంది. ఒకే దిశలో పోయే కరెంటు నీళ్లలో ధనధ్రువపు లోహాన్ని కరిగించుకుపోతుంది. ఆ నీళ్లు మేము తాగము కానీ రాగి కరగడం మంచిది కాదని రెండు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు బిగించాను. నిండిన ట్యాంకు నిండినట్టే ఉంటే బజర్ ఆగదు కాబట్టి దాన్ని ఆపడానికి ఒక చిన్న స్విచ్ పెట్టాను; ఆపిన స్విచ్‌ను మళ్లీ వేయడం మరిచి రెండుసార్లు ట్యాంకు పొర్లించాను. దీనికి సరైన ఉపాయం ఇంకా చేయలేదు. ప్రస్తుతానికి స్విచ్ పక్కన ‘వేశావా?’ అని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి అంటించాను.

మొన్న ఇంటర్మీడియట్ గైడు ఒకటి పేజీలు కూర్చడానికి వచ్చింది. అందులో ఒక బొమ్మలో బ్యాటరీ, రెసిస్టరు, వోల్టుమీటరు మూడూ ఒకే వరుసలో గీసి ఉన్నాయి. వెనకటి రోజుల్లో అయితే గీతల మందం సరిచూసి పంపేసేదాన్ని. ఈసారి వోల్టుమీటరును వరుసలో నుంచి తీసి, దాని రెండు కొనలనూ రెసిస్టరు రెండు వైపులా కలిపి గీసి, మార్జినులో ప్రశ్నార్థకం పెట్టి పంపాను. మరునాడు ప్రూఫు తిరిగి వచ్చింది. ప్రశ్నార్థకాన్ని కొట్టివేసి, బొమ్మ పక్కన ఎర్రసిరాతో ‘ఇదే ఉంచండి’ అని రాసి ఉంది.